ఎక్స్ విండో వ్యవస్థ మాడ్యులర్ విభజన

ఎక్స్ విండో వ్యవస్థ అనునది యునిక్సు, లినక్సు తరగతికి చెందిన కంప్యూటర్లలో తెరమీద కిటికీలను, బొమ్మలను, అక్షరాలను చూపించి, కీబోర్డు, మౌసుల నుండి వచ్చే సమాచారాన్ని ఆయా ప్రోగ్రాములకు అందజేసే ఓపెన్ సోర్సు ప్రదర్శన వ్యవస్థ. దీనిని సంక్షిప్తంగా ఎక్స్ అని, పదకొండవ కూర్పు పేరుతో ఎక్స్11 అని వ్యవహరిస్తారు. 1984లో మొదలైన ఈ వ్యవస్థ యొక్క సోర్సు కోడు రెండు దశాబ్దాల పాటు ఒకే పెద్ద వృక్షంగా పెరిగింది. 2005 డిసెంబరు 21న విడుదలైన ఎక్స్11ఆర్7.0 కూర్పుతో దానిని రెండు వందలకు పైగా చిన్న ప్యాకేజీలుగా విడదీశారు. ఈ మార్పునే మాడ్యులర్ విభజన అంటారు. అంతకు పూర్వపు పద్ధతిని ఏకశిలా పద్ధతి అనవచ్చును. ఓరుగల్లుకు గల ఏకశిలానగరమను పేరులో ఉన్న అర్థమే ఇక్కడా వర్తిస్తుంది: మొత్తమంతా ఒకే రాయి.

కంప్యూటరు తెరమీద తెలుగు సక్రమంగా కనబడడానికి, అరకు లోయ మొదలుకొని తూర్పు కనుమల పొడవునా మాట్లాడే గిరిజన భాషలను వ్రాసుకొనడానికి ఈ వ్యవస్థలోని ఖతులు, కీబోర్డు అమరికలు అను భాగాలతో నేరుగా సంబంధమున్నది. అందువలన ఇది కేవలం ప్రోగ్రామర్ల అంతర్గత వ్యవహారం కాదు.

పనిచేయు విధానము

ఎక్స్‌లో సర్వరు, క్లయింటు అని రెండు పాత్రలుంటాయి. సాధారణ వాడుకలో సర్వరు అనగా ఎక్కడో దూరాన ఉండే పెద్ద కంప్యూటరు. ఎక్స్‌లో ఇందుకు భిన్నంగా, వాడుకరి ఎదుట ఉన్న తెరను, కీబోర్డును చూసుకొనే ప్రోగ్రామునే సర్వరు అంటారు. తెరమీద ఏదైనా చూపించమని కోరే ప్రతి ప్రోగ్రామూ క్లయింటు. విద్యార్థులు మొదట తికమకపడేది ఇక్కడనే. సర్వరు వద్ద తెర అనే వనరు ఉన్నది, తక్కినవారు దానిని అర్థిస్తున్నారు అని గుర్తుంచుకుంటే చిక్కు విడిపోతుంది. ఈ రెండింటి మధ్య సంభాషణకు ఒక నియమావళి ఉన్నది. దానినే ఎక్స్ ప్రోటోకాల్ అంటారు. క్లయింటు వేరొక యంత్రంలో ఉన్నను ఇబ్బంది లేదు. విశాఖపట్నంలోని కంప్యూటరులో నడిచే ప్రోగ్రాము యొక్క కిటికీని అరకులోని తెరమీద తెరవవచ్చును.

కిటికీకి అంచులు ఎలా ఉండాలి, మీటలు ఏ రంగులో ఉండాలి అన్న విషయాలలో ఎక్స్ జోక్యం చేసుకోదు. ఆ పని విండో మేనేజరు వంటి వేరే ప్రోగ్రాములకు వదిలివేస్తుంది. అనగా ఎక్స్ రూపకల్పన మొదటినుండీ విడివిడి భాగాల పద్ధతిలోనే ఉన్నది. దానిని వ్రాసి, భద్రపరచి, విడుదల చేసిన తీరు మాత్రం ఏకశిల.

చరిత్ర

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో (ఎంఐటి) ఎథీనా ప్రాజెక్టులో భాగంగా బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ 1984లో ఎక్స్‌ను ప్రారంభించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన డబ్ల్యు అను విండో వ్యవస్థ దీనికి మూలం. ఆంగ్ల వర్ణమాలలో డబ్ల్యు తరువాతి అక్షరం కనుక దీనికి ఎక్స్ అని పేరు పెట్టారు. 1987 సెప్టెంబరులో పదకొండవ కూర్పు వచ్చింది. ప్రోటోకాల్ అప్పటినుండి మూలరూపంలో మారలేదు. 1988లో ఎంఐటిలో ఎక్స్ కన్సార్టియం ఏర్పడింది. 1994లో ఎక్స్11ఆర్6 విడుదలైంది. 1996 చివరలో కన్సార్టియం రద్దయి, బాధ్యత ఓపెన్ గ్రూపునకు సంక్రమించింది.

ఈలోగా వ్యక్తిగత కంప్యూటర్ల కొరకు 1992లో ఎక్స్‌ఫ్రీ86 అను ప్రాజెక్టు మొదలైంది. లినక్సు వాడినవారికి పన్నెండేళ్ల పాటు ఎక్స్ అంటే ఆచరణలో ఎక్స్‌ఫ్రీ86 అనియే అర్థం. అయితే ఆ ప్రాజెక్టులో మార్పులను ఆమోదించే అధికారం కొద్దిమందితో కూడిన మూల బృందం చేతిలో ఉండేది. బయటివారు పంపిన సవరణలు చేరడానికి చాలా కాలం పట్టేది. 2003లో కీత్ ప్యాకర్డ్‌ను మూల బృందం నుండి తొలగించడంతో విభేదాలు బహిరంగమయ్యాయి. 2004 ఫిబ్రవరిలో 4.4 కూర్పుకు లైసెన్సు మార్చారు. ఆ కొత్త షరతు గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సుతో పొసగదని భావించి రెడ్ హ్యాట్, డెబియన్ తదితర పంపిణీదారులు దానిని స్వీకరించలేదు. అదే సంవత్సరం ఎక్స్.ఆర్గ్ ఫౌండేషన్ ఏర్పడి, లైసెన్సు మారకముందరి ఎక్స్‌ఫ్రీ86 కోడును ఆధారంగా తీసుకొని ఏప్రిల్‌లో ఎక్స్11ఆర్6.7ను, సెప్టెంబరులో 6.8ను విడుదల చేసింది. ఎక్స్‌ఫ్రీ86 చివరి విడుదల 2008లో వచ్చింది.

యాజమాన్యం మారినంత మాత్రాన చిక్కు తీరలేదు. కొత్త సంస్థకు సంక్రమించినది అదే పాత మహావృక్షం.

ఏకశిలా వృక్షము

పాత పద్ధతిలో సర్వరు, క్లయింటు గ్రంథాలయాలు, వీడియో డ్రైవర్లు, ఖతులు, కీబోర్డు పట్టికలు, గడియారము, లెక్కల యంత్రము వంటి చిన్న ప్రోగ్రాములు, పత్రాలు అన్నీ ఒకే డైరెక్టరీ క్రింద ఉండేవి. వీటిని ఐమేక్ అను పనిముట్టుతో నిర్మించేవారు. ప్రతి డైరెక్టరీలో ఐమేక్‌ఫైల్ అనే చిన్న ఫైలు ఉంటుంది. దానిని సి భాష యొక్క ప్రీప్రాసెసరు గుండా పంపితే, ఆ యంత్రానికి తగిన మేక్‌ఫైల్ తయారవుతుంది. 1980లలో పరస్పరం పొసగని అనేక యునిక్సు రకాలు ఉండగా, అన్నింటిలోనూ ఒకే కోడును నిర్మించగలగడం గొప్ప సౌకర్యమే. కాలక్రమేణా ఐమేక్ నియమాల ఫైళ్లు ఎంతగా చిక్కుపడిపోయాయంటే, వాటిని పూర్తిగా ఎరిగినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందే మిగిలారు. ఎక్స్ బయటి ప్రపంచం దాదాపుగా ఐమేక్‌ను వాడలేదు. కావున కొత్తగా వచ్చే ఔత్సాహికుడు ఒక దోషాన్ని సరిదిద్దాలంటే, మొదట మరెక్కడా పనికిరాని ఒక విద్యను అభ్యసించవలసి వచ్చేది.

నిర్మాణానికి వాడే ఆదేశం పేరు 'మేక్ వరల్డ్'. పేరుకు తగినట్లే అది ప్రపంచాన్నంతా కొత్తగా నిర్మించేది. ఒక డ్రైవరులో ఒక్క వాక్యం మార్చినా, అధికారిక విడుదలగా అది వాడుకరికి చేరాలంటే మొత్తం వృక్షం యొక్క తదుపరి విడుదల వరకూ ఆగవలసిందే. ఎక్స్‌ఫ్రీ86 యొక్క 4.2, 4.3 కూర్పుల మధ్య ఏడాదికి పైగా ఎడమున్నది.

కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఈ స్థితికి తగిన పోలిక. అనంతగిరి ఘాట్‌లో ఎక్కడైనా కొండచరియ విరిగిపడితే, ఆ చోటికి సంబంధం లేని బండ్లు కూడా నిలిచిపోతాయి. కీబోర్డు పట్టికలోని ఒక తెలుగు అక్షరాన్ని సరిచేసిన మార్పు, దానికి ఏమాత్రం సంబంధం లేని ఒక గ్రాఫిక్స్ కార్డు దోషం తీరేవరకు విడుదల కొరకు వేచి ఉండడం ఇటువంటిదే.

దీనికి మరొక ముఖమూ ఉన్నది. అప్పటి డయల్అప్ మోడెముల గరిష్ఠ వేగం సెకనుకు 56 కిలోబిట్లు. ఈ వేగంతో 40 మెగాబైట్ల మూటను దింపుకొనడానికి, తీగ ఎక్కడా తెగకుండా ఉంటే గంటన్నరకు పైగా పడుతుంది. అదే 200 కిలోబైట్ల డ్రైవరుకు అర నిమిషం చాలును. కొండప్రాంతపు టెలిఫోను తీగల మీద ఈ రెంటికీ గల తేడా, పని కావడానికి కాకపోవడానికి గల తేడా.

రెండు రకాల విడదీత

మాడ్యూలు అను మాటను ఈ సందర్భంలో రెండు అర్థాలలో వాడతారు. వాటిని కలిపివేయకూడదు.

మొదటిది నడిచే సమయపు విడదీత. ఎక్స్‌ఫ్రీ86 3 వరుస కూర్పులలో ఒక్కో రకం గ్రాఫిక్స్ కార్డుకు ఒక్కో సర్వరు ప్రోగ్రాము ఉండేది. ఎస్3 కార్డుకు ఒకటి, మాక్64కు మరొకటి, సాధారణ ఎస్‌విజిఎ కార్డులకు ఇంకొకటి. 2000 మార్చిలో వచ్చిన 4.0 కూర్పులో సర్వరు ఒక్కటే అయి, డ్రైవర్లను అవసరాన్ని బట్టి విడి ఫైళ్లుగా ఎక్కించుకొనే ఏర్పాటు వచ్చింది. మెట్రో లింక్ అను సంస్థ అందించిన లోడరు ఇందుకు ఉపయోగపడింది. వాడేవారి దృష్టిలో ఇది పెద్ద మేలు.

రెండవది సోర్సు కోడు విడదీత. 4.0 తరువాత కూడా ఆ డ్రైవర్లన్నీ ఒకే వృక్షంలో, ఒకేసారి నిర్మితమై, ఒకే తేదీన విడుదలయ్యేవి. వండిన వంటకాలను వేర్వేరు గిన్నెలలో వడ్డించినా, పొయ్యి మాత్రం ఒక్కటే. 2005లో జరిగినది ఈ రెండవ రకపు విడదీత. ఈ వ్యాసానికి విషయమూ అదే.

విడదీసిన తీరు

నడుస్తున్న వ్యవస్థను ఆపకుండా విడదీయడం ఈ పనిలోని అసలు కష్టం. విడదీసేటప్పుడు కోడు కూడా మారితే, తరువాత కనబడే దోషం విడదీత వలన వచ్చినదో, కొత్త కోడు వలన వచ్చినదో తేల్చడం అసాధ్యం. అందుచేత ఎక్స్.ఆర్గ్ బృందం ఒక వివేకవంతమైన మార్గాన్ని అనుసరించింది. కోడును ఉన్నచోటనే ఉంచి, దానిపై కొత్త అమరికను కేవలం లంకెలతో నిర్మించింది. ఇందుకొరకు వ్రాసిన చిన్న స్క్రిప్టు పాత వృక్షంలోని ప్రతి ఫైలుకూ కొత్త డైరెక్టరీలలో ఒక సింబాలిక్ లంకెను సృష్టించేది. ఫైలు ఒక్కటే, దారులు రెండు. పాత వృక్షంలో ఒక దోషాన్ని సరిదిద్దితే కొత్త వృక్షంలోనూ అది సరియైనట్లే.

ఈ కారణంగానే ఒకే రోజున రెండు విడుదలలు వెలువడ్డాయి. ఎక్స్11ఆర్6.9 పాత ఐమేక్ పద్ధతిలోనిది. ఎక్స్11ఆర్7.0 కొత్త మాడ్యులర్ పద్ధతిలోనిది. రెండింటిలోనూ కోడు ఒక్కటే. పాతదానిలో పనిచేసి కొత్తదానిలో పనిచేయకపోతే లోపం విడదీతలోనే ఉన్నదని రుజువైనట్లు. విజ్ఞానశాస్త్ర ప్రయోగాలలో ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి తక్కినవాటిని స్థిరంగా ఉంచే పద్ధతిని పాఠశాలలో బోధిస్తారు. ఇంత పెద్ద సాఫ్టువేరులో దానిని ఇంత నిష్ఠగా పాటించిన సందర్భాలు తక్కువ. ఈ విడుదలల నిర్వహణ బాధ్యతను కెవిన్ మార్టిన్ వహించారు. ఆ తరువాత అభివృద్ధి మాడ్యులర్ వృక్షంలోనే కొనసాగింది. 2006 మే నెలలో ఎక్స్11ఆర్7.1 వచ్చింది.

కొత్త అమరికలో ప్యాకేజీలను కొన్ని తరగతులుగా విభజించారు. ప్రోటోకాల్ నిర్వచనాలు ఒక తరగతి, గ్రంథాలయాలు మరొకటి. సర్వరు, డ్రైవర్లు, చిన్న ప్రోగ్రాములు, ఖతులు, దత్తాంశాలు, పత్రాలు, ఉపకరణాలు తక్కినవి. ఐమేక్ స్థానంలో ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ అను సుపరిచితమైన పనిముట్లు వచ్చాయి. ప్రతి ప్యాకేజీ తాను ఎక్కడ ఉన్నదీ, తనకు ఏవేవి కావలసినదీ తెలుపుతూ పి.సి. అను పొడిగింపు గల చిన్న ఫైలును వదులుతుంది. దానిని పికెజి-కాన్ఫిగ్ అను ప్రోగ్రాము చదివి తదుపరి ప్యాకేజీకి చెబుతుంది. పాత పద్ధతిలో పక్క డైరెక్టరీలో ఏమున్నదో అందరికీ తెలుసు గనుక ఎవరూ చెప్పేవారు కాదు. విడిపోయిన తరువాత ఎవరికి ఎవరు అవసరమో వ్రాతపూర్వకంగా చెప్పవలసి వచ్చింది. ఉమ్మడి కుటుంబం వేరుపడినప్పుడు ఏ కుండ ఎవరిదో తేలినట్లు, దాగియున్న పరస్పర ఆధారాలు అనేకం ఈ దశలో బయటపడ్డాయి.

అన్నీ తేలలేదు కూడా. త్రిమితీయ చిత్రాలకు వాడే మీసా అను గ్రంథాలయం పాత వృక్షంలో నకలుగా ఉండేది. విడదీసిన తరువాత కూడా సర్వరులోని జిఎల్ఎక్స్ భాగాన్ని నిర్మించడానికి కొన్నేళ్ల పాటు మీసా సోర్సు కోడును పక్కన పెట్టుకోవలసి వచ్చేది.

ఫలితాలు

డ్రైవర్లు, గ్రంథాలయాలు తమ తమ సమయాలలో విడుదల కావడం మొదటి ఫలితం. లిబ్ఎక్స్11 గ్రంథాలయానికి అడుగున ఎక్స్‌సిబి అను కొత్త గ్రంథాలయాన్ని అమర్చడం 2007 ఫిబ్రవరి నాటి ఎక్స్11ఆర్7.2 తో ఆచరణలోకి వచ్చింది. ఏకశిలలో ఇంతటి పునాది మార్పుకు ధైర్యం చేయడం కష్టం. భద్రత విషయంలోనూ మేలు జరిగింది. 2013 మే నెలలో క్లయింటు గ్రంథాలయాలలో అనేక లోపాలు ఒక్కసారిగా బయటపడినప్పుడు, సవరణలను ఏ గ్రంథాలయానికి ఆ గ్రంథాలయంగా విడుదల చేయగలిగారు.

నష్టాలూ లేకపోలేదు. ప్రతి ప్యాకేజీ తన కాన్ఫిగర్ స్క్రిప్టును నడుపుతుంది. సి కంపైలరు పనిచేయుచున్నదా అను ప్రశ్నను ఒకే యంత్రంలో రెండు వందల సార్లు అడగడం కాలవ్యయమే. సర్వరుకు, డ్రైవరుకు మధ్య అంగీకారం మారినప్పుడు పాత డ్రైవరును కొత్త సర్వరు నిరాకరిస్తుంది. సోర్సు కోడు ఇవ్వని తయారీదారుల డ్రైవర్లను వాడేవారు ఈ ఇబ్బందిని ఎక్కువగా ఎదుర్కొన్నారు. కూర్పుల సంఖ్యలు కూడా గందరగోళమయ్యాయి. ఎక్స్11ఆర్7.1లో ఉన్న సర్వరు సంఖ్య 1.1. గ్రంథాలయాల సంఖ్యలు మరొక విధం. అన్నింటినీ కలిపి అప్పుడప్పుడు చేసే ఉమ్మడి విడుదలకు బృందంవారు సరదాగా 'కటమారి' అని పేరుపెట్టుకున్నారు. జపాను భాషలో దీనికి ముద్ద, గడ్డ అని అర్థం. 2012 జూన్‌లో వచ్చిన ఎక్స్11ఆర్7.7 తరువాత అటువంటి ముద్ద రాలేదు. ఎవరి భాగం వారిదే అయిన తరువాత ముద్ద అవసరం తీరింది.

ఎంతవరకు విడదీయాలి అన్న ప్రశ్నకు సమాధానం కూడా అనుభవంతోనే దొరికింది. ప్రోటోకాల్ నిర్వచనాలను ఒక్కో విస్తరణకు ఒక్కో ప్యాకేజీగా చేశారు. వాటిలో కొన్ని ఒకటి రెండు ఫైళ్లు మాత్రమే గలవి. అవి ఎప్పుడూ కలిసే అవసరమవుతాయి గనుక 2018లో వాటినన్నింటినీ ఎక్స్ఆర్గ్‌ప్రోటో అను ఒకే ప్యాకేజీగా తిరిగి కలిపివేశారు. ఇది ఓటమి అనుటకు వీలులేదు. విడివిడిగా మారేవాటిని విడిగా ఉంచడం, కలిసి మారేవాటిని కలిపి ఉంచడమే ఈ పనిలోని లక్ష్యం. 2005లో ఏవి ఏ రకమో ముందుగా తెలిసే అవకాశం లేదు.

తెలుగు లిపి ప్రదర్శన

ఎక్స్ యొక్క మొదటి ఖతుల ఏర్పాటులో అక్షరాలను సర్వరే గీసేది. ఒక సంఖ్యకు ఒక బొమ్మ అన్నది దాని సూత్రం. ఆంగ్లానికి ఇది చాలును. తెలుగుకు చాలదు. అరకు సమీపాన అనంతగిరి కొండలలో పుట్టి బొర్రా గుహల గుండా పారే నది పేరు 'గోస్తనీ'. యూనికోడులో ఇది గ, ఓత్వం, స, పొల్లు, త, న, దీర్ఘ గుడి అని ఏడు సంకేతాలు. తెరమీద కనబడవలసినవి గో, స్త, నీ అని మూడు గుచ్ఛాలు. సంకేతానికి ఒక బొమ్మ చొప్పున గీస్తే తకారం సకారానికి ఒత్తుగా మారదు, గుణింతాలు విడిగా వ్రేలాడుతాయి. ఒత్తులను, గుణింతాలను లెక్కగట్టి సరియైన బొమ్మలను ఎంచే పనిని రూపకల్పన, అనగా షేపింగ్, అంటారు.

ఈ పని సర్వరు నుండి క్లయింటు వైపునకు మారడం మాడ్యులర్ విభజనకు ముందే, 2000 ప్రాంతంలో రెండర్ విస్తరణతో మొదలైంది. ఎక్స్ఎఫ్‌టి, ఫాంట్‌కాన్ఫిగ్, ఫ్రీటైప్ అను గ్రంథాలయాలు ఖతులను వెదకి, చదివి, అక్షరాలను తయారుచేస్తాయి. పాంగో వంటి గ్రంథాలయాలు తెలుగు గుచ్ఛాలను కూర్చుతాయి. సర్వరు పూర్తయిన బొమ్మలను తెరమీద పరుస్తుంది, అంతే. అయితే ఏకశిలా వృక్షంలో ఫ్రీటైప్, ఫాంట్‌కాన్ఫిగ్‌ల నకళ్లు కూడా ఉండేవి. అసలు ప్రాజెక్టులో దోషం తొలగినా నకలులో మిగిలే అవకాశముండేది. విభజనతో ఈ నకళ్లు తొలగి, అసలు గ్రంథాలయాన్నే అందరూ వాడడం స్థిరపడింది.

వాడుకరికి ఇది ఆచరణలో ఎంతో తేడా. పూర్వం కొత్త ఖతిని చేర్చడానికి డైరెక్టరీ పట్టికను తయారుచేసి, నిర్వాహక అధికారంతో అమరిక ఫైలులో దారి వ్రాయవలసి వచ్చేది. తరువాత పోతన2000, వేమన2000, లోహిత్ తెలుగు వంటి ఖతులలో దేనినైనా తన సొంత ఫోల్డరులో పెట్టుకుంటే సరిపోయింది. పాఠశాల కంప్యూటరులో నిర్వాహక సంకేతపదం తెలియని విద్యార్థి కూడా ఈ పని చేసుకొనగలడు.

అదే కాలంలో పాంగో, క్యూటీ రెండూ వేర్వేరు రూపకల్పన కోడులను వాడినందున ఒకే తెలుగు పదం రెండు ప్రోగ్రాములలో రెండు విధాలుగా కనబడిన సందర్భాలుండేవి. బెహదాద్ ఇస్ఫహ్‌బోద్ తిరిగి వ్రాసిన హార్ఫ్‌బజ్ గ్రంథాలయం ఈ పనికి ఉమ్మడి భాగమై, 2012 నుండి పాంగో కూడా దానినే వాడుతున్నది.

గిరిజన భాషలు, సవర లిపి

అరకు, పాడేరు ప్రాంతాలు 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. ఇక్కడ ఆదివాసీ ఒడియా, కువి, కొండ, గదబ మున్నగు భాషలు వినబడతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం క్రింద ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక వాచకాలను తెలుగు లిపిలోనే రూపొందించారు. కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర వీటిలో ఉన్నాయి. కాబట్టి తెలుగు లిపి కంప్యూటరులో సరిగా కనబడకపోతే నష్టపోయేది తెలుగు ఒక్కటే కాదు.

సవర భాషకు వేరొక లిపి కూడా ఉన్నది. గిడుగు వెంకట రామమూర్తి సవర భాషను తెలుగు లిపిలో వ్రాసి, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. ఈ మధ్యకాలంలోనే, 1936లో, మంగేయి గొమాంగో సోరాంగ్ సొంపెంగ్ అను లిపిని రూపొందించారు. ఇది 2012 జనవరిలో యూనికోడు 6.1లో చేరింది. ఇందులో 25 అక్షరాలు, 10 అంకెలు ఉన్నాయి.

తెలుగువలె దీనికి ఒత్తుల చిక్కు లేదు. మరొక చిక్కు ఉన్నది. యూనికోడులో దీని మొదటి అక్షరపు సంఖ్య 69,840. ఎక్స్ యొక్క పాత ఖతుల ఏర్పాటు అక్షరానికి 16 బిట్లను మాత్రమే కేటాయించింది. అనగా 65,535 దాటిన సంఖ్యను అది పలుకలేదు. పాత పద్ధతియే కొనసాగి ఉంటే, సవర లిపిని యూనికోడు సంఖ్యలతో తెరమీద చూపాలంటే 1987 నాటి ప్రోటోకాల్‌నే మార్చవలసి వచ్చేది. కొన్ని వేలమంది వ్రాసే లిపి కొరకు ఆ పని ఎవరు పూనుకుంటారు? ఖతులు సర్వరు నుండి విడివడి ఉన్నందున ఆ ప్రశ్నయే తలెత్తలేదు. నోటో సాన్స్ సోరా సొంపెంగ్ అను ఖతిని ఫోల్డరులో పెట్టుకుంటే చాలును.

కీబోర్డు విషయంలోనూ ఇంతే. అమరికలన్నీ ఎక్స్‌కీబోర్డ్-కాన్ఫిగ్ అను విడి ప్యాకేజీలో సాధారణ పాఠ్య ఫైళ్లుగా ఉంటాయి. భారతీయ భాషలవన్నీ 'ఇన్' అను పేరుగల ఒకే ఫైలులో ఉన్నాయి. తెలుగుకు ఇన్‌స్క్రిప్టుతో పాటు కగప, సరళ అను అమరికలు అందులో లభిస్తాయి. సంతాలీ భాష వ్రాసే ఓల్ చికి లిపికీ అమరిక ఉన్నది. ఏ మీటకు ఏ అక్షరం అన్నది ఒక్కో వరుసలో వ్రాసి ఉండడం చేత, ప్రోగ్రామింగు రానివారైనను లిపి తెలిసిన ఉపాధ్యాయులు దానిని చదివి తప్పొప్పులు చెప్పగలరు. వారు సూచించిన సవరణ ఆ ప్యాకేజీ తదుపరి విడుదలలో చేరుతుంది. సర్వరును గాని, ఒక్క డ్రైవరును గాని తాకనక్కరలేదు.